సొంత మరమ్మతు

నా బల్ల సొరుగులో ఒక అగ్గిపెట్టె ఉంది. అందులో ఒక సైకిలు గొలుసు ముక్క. రెండు లింకులు, పక్కకి తెరుచుకుపోయిన ఒక పలక, దాని అంచున వేలాడుతున్న చిన్న పిన్ను. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. ఆ పిన్ను అలా బయటికొచ్చినందువల్ల పోయిన ఏడాది వానాకాలంలో ఒక అమ్మాయికి ఎడమవైపు కాలర్ బోన్ విరిగింది. ఆ పిన్ను పెట్టింది నేను.

"మన పని మనం చేసుకోవాలి" అన్న మాటని, ముఖ్యంగా ఆడవాళ్ళ విషయంలో, నేనెప్పుడూ అనుమానించలేదు. సైకిలు విప్పడం, బిగించడం నేర్చుకున్నాక ఆ మాటమీద గురి ఇంకా పెరిగింది. ఆ గురిలో ఏదో తేడా ఉందని ఈ ముక్క చెప్తోంది. ఆ తేడా ఏమిటో తేల్చుకోవడానికే ఈ వ్యాసం. తేల్చుకున్నానని మాత్రం మాటివ్వలేను.

నాది పాత మౌంటెన్ బైకు. 26 అంగుళాల చక్రాలు, ముందు మూడు పళ్ళచక్రాలు, వెనక తొమ్మిది, మొత్తం 27 గేర్లు. పీహెచ్‌డీ చేసే రోజుల్లో, ఆగి ఆగి వచ్చే ఫెలోషిప్ డబ్బులు ఒక్కసారిగా చేతికొచ్చినప్పుడు, విదేశం వెళ్ళిపోతున్న ఒక సీనియర్ దగ్గర కొన్నాను. మా క్యాంపస్ నిండా బండరాళ్ళు, చెరువులు, తుప్పల మధ్య మట్టి బాటలు. అధ్యాయం ముందుకి కదలని సాయంత్రాలు ఆ బాటల్లో తిరిగేదాన్ని. బాటలు ఎంత బాగుంటే బండి అంత పాడయ్యేది. మొదటిసారి గేర్లు జారుతున్నాయని షాపుకి తీసుకెళ్ళాను. నాతో వచ్చిన స్నేహితుడికి అసలు సైకిలు తొక్కడమే రాదు. అయినా షాపతను నన్ను దాటి అతనికే చెప్పాడు, "సార్, మేడం కాస్త రఫ్‌గా వాడుతున్నట్టున్నారు" అని. బిల్లు మాత్రం నాకిచ్చాడు.

ఆ బిల్లు చూసిన రాత్రే పానాలు కొనాలని నిర్ణయించుకున్నాను. ఎలెన్ కీల సెట్టు, చైను విప్పే పనిముట్టు, రెండు టైరు లీవర్లు. మొదటి రోజు గంటసేపు ఎడమ పెడలుతో కుస్తీ పట్టి చేతులు పొక్కులెక్కించుకున్నాను. ఎడమ పెడలుకి మరలు ఎదురుంటాయని, విప్పుతున్నాననుకుంటూ గంటసేపూ బిగిస్తూ ఉన్నానని తర్వాత తెలిసింది. రెండు పెడళ్ళూ చూడటానికి ఒకేలా ఉంటాయి. అక్షం మీద 'ఎల్' అనో 'ఆర్' అనో ఒక చిన్న అక్షరం చెక్కి ఉంటుంది, అంతే. పాఠాన్ని దగ్గరగా చదవమని పిల్లలకి చెప్పే నేను ఆ ఒక్క అక్షరం చదవలేదు.

తర్వాత్తర్వాత చెయ్యి తిరిగింది. రాళ్ళమీద దిగేటప్పుడు గొలుసు ఎగిరి ఫ్రేముకి టపటపా కొట్టుకుంటుంటే పాత ట్యూబుని పొడవుగా కోసి ఆ కడ్డీకి చుట్టాను. చప్పుడూ పోయింది, పెయింటూ మిగిలింది. రాయి కోసుకుని టైరు పక్కన చీలితే, అయిపోయిన టూత్‌పేస్టు ట్యూబు ముక్క లోపలినుంచి అడ్డం పెట్టి ఇంటికి చేరాను. సీటు కడ్డీ జారిపోతుంటే కూల్‌డ్రింకు డబ్బా కోసి పలచటి పట్టీ చేసి చుట్టాను. ఫ్రేము మీద పెయింటు లేచిపోయిన చోట తుప్పు పట్టకుండా గోళ్ళ రంగు పూశాను. జీవితంలో నేను కొన్న ఒకే ఒక్క గోళ్ళ రంగు అదే.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చిన భాగం ఒకటుంది. వెనక గేర్లు మార్చే యంత్రాన్ని ఫ్రేముకి తగిలించే చిన్న అల్యూమినియం ముక్క, హ్యాంగర్ అంటారు. దాన్ని కావాలనే మెత్తగా చేస్తారు. బండి పడినా, పుల్లల్లో కర్ర ఇరుక్కున్నా ముందు అదే వంగాలి, కాదంటే విరగాలి, ఫ్రేముకి ఏమీ కాకూడదు. ఇంత ఖర్చు పెట్టి కట్టిన నిర్మాణం చెక్కుచెదరకుండా ఉండటానికి ఎవరు వంగాలో ముందే లెక్కవేసి పెట్టిన భాగమన్నమాట. మన ఇళ్ళలో ఆ భాగం పేరేమిటో ఈ పత్రిక పాఠకులకి చెప్పక్కర్లేదు. దాన్ని పెద్ద పానాతో పట్టి మెల్లగా వెనక్కి వంచి సరిచేసుకోవచ్చు. రెండు మూడుసార్లే. ఆ తర్వాత లోహం అలిసిపోయి విరుగుతుంది.

ఈ పని చేస్తూ చేస్తూ దీని చరిత్ర వెతకడం మొదలుపెట్టాను. పరిశోధన అలవాటు అంత తేలిగ్గా పోదు. కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన మరీన్ కౌంటీ, అక్కడ టమల్పైస్ అనే కొండ, దాని దగ్గర ఫెయిర్‌ఫాక్స్ అనే చిన్న ఊరు. 1970లలో అక్కడి కుర్రాళ్ళు పాత ఇనప సామాన్ల కొట్లలో, గ్యారేజీ మూలల్లో 1930ల, 40ల నాటి ష్విన్ సైకిళ్ళు ఏరుకుని కొండ దింపుడు బాటల మీద తోలేవాళ్ళు. ఒక్కో బండి ఇరవై కిలోల పైమాటే. వాటికి మోటారుసైకిలు బ్రేకు లీవర్లు తగిలించారు, డ్రమ్ము బ్రేకులు పెట్టారు, గేర్లు పెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా అమ్ముడవుతున్న మౌంటెన్ బైకుకి పూర్వీకులు ఏ కంపెనీ ప్రయోగశాలలోనూ పుట్టలేదు. ఒకదాని భాగం ఇంకొకదానికి అతికించిన ఇలాంటి సొంత మరమ్మతుల్లోంచే పుట్టారు. 1976 అక్టోబరు 21న అక్కడ ఒక దింపుడు బాట మీద మొదటి పందెం జరిగింది. రెండు మైళ్ళు కూడా లేని దారి, 1300 అడుగుల పల్లం. ఆ బాట పేరు రీప్యాక్.

ఆ పేరెందుకొచ్చిందో తెలిశాక చాలాసేపు నవ్వుకున్నాను. ఆ పాత సైకిళ్ళకి పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉండేది. బ్రేకంతా వెనక హబ్బు లోపలే. కొండ దిగేసరికి హబ్బు కాగిపోయి లోపలున్న గ్రీజు పొగై ఎగిరిపోయేది. మళ్ళీ పైకి వెళ్ళాలంటే హబ్బు విప్పి, తుడిచి, కొత్త గ్రీజు కూరి బిగించాలి. దాన్ని రీప్యాక్ చెయ్యడం అంటారు. మన సైకిలు షాపుల్లో ఓవర్‌హాలింగ్ అన్న మాట వాడుకలో 'ఓవరాయిలింగు' అయింది చూడండి, ఆ పనే. వేగానికీ తెగువకీ మారుపేరుగా చెప్పుకునే ఒక క్రీడ తన తొలి పందేనికి పెట్టుకున్న పేరు, పందెం అయ్యాక కింద కూర్చుని మసిచేతులతో చేసే శుభ్రం పని పేరు. విజేతల పేర్లు, సమయాలు అందరికీ తెలుసు. గ్యారీ ఫిషర్ 4 నిమిషాల 22 సెకన్లలో దిగాడని ఎక్కడ చూసినా కనిపిస్తుంది. గ్రీజు ఎన్నిసార్లు కూరారో ఎవరూ లెక్కపెట్టలేదు.

చేసిన పని మళ్ళీ మొదటికొచ్చే ఈ తరహా పని గురించి మనవాళ్ళు రాయకపోలేదు. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఆ ఇల్లాలు ఇల్లు అలికీ కడిగీ తుడిచీ చివరికి తన పేరే మర్చిపోతుంది. హన్నా ఆరెంట్ 1958 నాటి పుస్తకంలో మనుషుల పనుల్ని విడదీస్తూ, చేసిన వెంటనే కరిగిపోయి మళ్ళీ చెయ్యాల్సొచ్చే శ్రమని ఒక వైపు, వెనక ఒక వస్తువుని మిగిల్చే పనిని ఇంకో వైపు పెట్టింది. 1969లో మియర్ల్ లేడర్‌మన్ యూకలీస్ అనే చిత్రకారిణి, తల్లయిన కొద్దికాలానికే, కడగడం, తుడవడం, సర్దడం ఇవే నా కళ అని ప్రకటిస్తూ మ్యానిఫెస్టో రాసింది. వీళ్ళని చదివే నేను పీహెచ్‌డీ చేశాను. కానీ పళ్ళచక్రాల మధ్య మట్టిని పాత టూత్‌బ్రష్షుతో తోముతూ కూర్చున్నప్పుడు నాకు ఒక విషయం తట్టింది. ఇంట్లో గిన్నెలు తోముతున్నప్పుడు లేని గర్వం ఇక్కడ ఎక్కణ్ణించి వచ్చింది? తోముడు అదే, మడ్డి అదే, రేపు మళ్ళీ పట్టేదీ అదే. ఇది మగవాళ్ళ మడ్డి కాబట్టి. ఈ సమాధానం నాకు నచ్చలేదు. అయినా ఇంతకంటే నిజమైనది దొరకలేదు.

మరీన్ కథలో ఆడవాళ్ళు లేకపోలేదు. ఆ బృందంలో మొదటినుంచీ ఉన్న వెండీ క్రాగ్ ఆ బరువైన బండ్లే తొక్కింది, రీప్యాక్ పందెంలో ఆడవాళ్ళ రికార్డు ఆమెదే, ఆ రోజుల ఫొటోల్లో ఎక్కువ భాగం ఆమె తీసినవే. ఫొటో తీసినవాళ్ళు ఫొటోలో ఉండరు గదా. ఆ క్రీడకి మొదటి పత్రిక 'ఫ్యాట్ టైర్ ఫ్లయర్' 1980లో మొదలైతే, చార్లీ కెల్లీతో పాటు దాన్ని ప్రారంభించింది డెనీస్ కరమాన్యో. కానీ 'మౌంటెన్ బైకు పితామహులు' అని వెతికితే మీసాల వాళ్ళే వరసగా కనిపిస్తారు.

ఇంకా వెనక్కి వెళ్తే నాకు బాగా ఇష్టమైన పుస్తకం ఒకటి దొరికింది. 1896లో మరియా వార్డ్ స్త్రీల కోసం సైకిలు మీద ఒక పుస్తకం రాసింది. ఎలా ఎక్కాలి, ఎలా మలుపు తిరగాలి, ఏం తొడుక్కోవాలి, ఇవన్నీ ఉన్నాయి. వాటితోపాటు 'స్త్రీలు, పనిముట్లు' అని ఏకంగా ఒక అధ్యాయం ఉంది. కుట్టుపని తెలిసిన చేతులకి పానా కొత్తేమీ కాదన్నది ఆమె వాదన. ఫొటోలు తీసింది ఆలిస్ ఆస్టెన్. చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మ పాత చీరల్తో బొంత కుడుతుంది. కుక్కరు గాస్కెట్టు వదులైతే ఫ్రిజ్‌లో పెట్టి మళ్ళీ బిగుతు తెప్పిస్తుంది. మిక్సీ జారు పిడి ఊడితే సన్నటి తీగె చుట్టి ఇంకో రెండేళ్ళు లాగిస్తుంది. వీటిని రిపేర్లని ఎవరూ అనలేదు, పొదుపు అన్నారు.

ఈ విషయంలో మగవాళ్ళు రాసిన ప్రసిద్ధ పుస్తకం రాబర్ట్ పర్సిగ్‌ది, 1974 నాటిది, మోటారుసైకిలు మరమ్మతునీ తత్వశాస్త్రాన్నీ కలిపి రాసింది. అందులో స్నేహితుడు జాన్ బీఎండబ్ల్యూ బండి హ్యాండిలు జారుతుంటే, బీరు డబ్బా రేకు కోసి పట్టీ వేస్తే సరిపోతుందంటాడు కథకుడు. జాన్ మొహం మాడిపోతుంది. అంత ఖరీదైన బండికి బీరు డబ్బా ముక్కా! నా కూల్‌డ్రింకు పట్టీకి పర్సిగ్ ఆశీస్సులున్నాయని మొదట్లో మురిసిపోయాను. రెండోసారి చదివినప్పుడు కన్ను ఇంకోచోట ఆగింది. జాన్ వాళ్ళింట్లో కుళాయి కారుతూ ఉంటుంది. జాన్ భార్య సిల్వియా ఒకరోజు పిల్లల మీద విసుక్కుంటే, ఆ విసుగు అసలు కుళాయి మీదేనని కథకుడు కనిపెడతాడు. చాలా సూక్ష్మమైన పరిశీలన. కానీ ఆమె చేతికి పానా ఇస్తే ఏమవుతుందన్న ఆలోచన ఆ తత్వవేత్తకి రాదు. ఆమె మోటారుసైకిలు మీద కూడా వెనకే కూర్చుని ఉంటుంది.

ఇదంతా చెప్పుకుని సంతోషించే దశలోనే నా గొలుసు తెగింది. ఇది నా మీదే, నేను తొక్కుతున్నప్పుడే. వేసవిలో ఒక ఎగువ దారిలో ఒక లింకు పలక పగిలింది. దగ్గర చైను పనిముట్టు ఉంది కాబట్టి పాడైన లింకు తీసేసి, పక్క పిన్ను బయటికి నెట్టి, రెండు కొసలూ కలిపి, అదే పిన్నుని మళ్ళీ లోపలికి నెట్టాను. పది నిమిషాల పని. అటుగా నడిచివెళ్తున్న ఇద్దరు కుర్రాళ్ళు ఆగి చూశారు. నేను మళ్ళీ ఎక్కి వెళ్ళిపోతుంటే వెనకనుంచి ఈల వేశారు. ఆ ఈల మెచ్చుకోలుదే అనిపించింది ఆ రోజు.

ఇక్కడ కాస్త సాంకేతికం చెప్పక తప్పదు. ఊళ్ళో తిరిగే మామూలు సైకిళ్ళ లావుపాటి గొలుసులకి ఒక విప్పుడు లింకు ఉంటుంది, క్లిప్పు తీసి పెట్టుకోవచ్చు. తొమ్మిది గేర్ల గొలుసు సన్నం. దాని పిన్నుల కొసల్ని ఫ్యాక్టరీలో ఒత్తి, పుట్టగొడుగు తలలా కాస్త పరిచి వదుల్తారు. పలక పక్కకి రాకుండా పట్టి ఉంచేది ఆ తలే. పిన్నుని బయటికి నెట్టినప్పుడు ఆ తల చెక్కుకుపోతుంది, పలక చిల్లు కూడా రవ్వంత వదులవుతుంది. అదే పిన్ను మళ్ళీ నెడితే చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, పని కూడా చేస్తుంది. ఇంటికి చేరడానికి సరిపోతుంది. చేరాక కొత్త పిన్ను గానీ, చేత్తో తగిలించే క్విక్ లింకు గానీ పెట్టాలి. క్విక్ లింకు పెద్ద ఖరీదు కాదు. నాకు ఇదంతా తెలుసు. కొందామనుకుంటూనే మూడు నెలలు గడిపేశాను.

వానాకాలం మొదట్లో మా జూనియర్ ఒక అమ్మాయి బండి అడిగింది. ఆమె పేరు ఇక్కడ రాయను. రాయొద్దని తనే అంది. నా దగ్గరే గేర్లు మార్చడం నేర్చుకుంది. చెరువు వెనక ఎగువ దారి ఉంది, అక్కడికి వెళ్తానంది. "తీసుకెళ్ళు" అన్నాను. బ్రేకులు చూసి ఇచ్చాను, గాలి చూసి ఇచ్చాను. గొలుసు గురించి ఒక్క మాట అనలేదు. మర్చిపోయానని అప్పుడు అనుకున్నాను. సీటు మీంచి లేచి నిలబడి పెడళ్ళ మీద బరువంతా వేసినప్పుడు గొలుసు తెగింది. కాలికి ఆనేదేమీ లేక మనిషి ఒక్కసారిగా కిందికి జారి, బండితో సహా పక్కకి రాళ్ళమీద పడింది. ఆరు వారాలు చెయ్యి కట్టులో.

ఆస్పత్రిలో అందరూ ఎలా జరిగిందని అడిగారు. "గొలుసు పాతది, తెగిపోయింది" అన్నాను. వాక్యంలో అబద్ధం లేదు. కర్త లేదు, అంతే. వ్యాసాల్లో ఇలాంటి వాక్యం కనిపిస్తే, ఎవరు చేశారో చెప్పకుండా క్రియని దానంతటదే జరిగినట్టు రాయడమేమిటని విద్యార్థుల్ని నిలదీసేదాన్ని నేనే.

ఎందుకలా అన్నానో నాకు నేను చెప్పుకున్న కారణం గౌరవంగానే ఉంది. ఆ సాయంత్రం కారిడార్లో ఒకతను "అందుకే షాపులో ఇమ్మనేది" అన్నాడు. ఇంకొకతను నవ్వాడు. మగవాడు బిగించిన పిన్ను ఊడితే ఊడింది పిన్ను. నేను బిగించిన పిన్ను ఊడితే పానా పట్టిన ఆడవాళ్ళందరి చేతా ఊడిపోతుంది. ఇది నా ఊహ కాదు, మీలో ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రంగంలో అనుభవమే. కాబట్టి నిజం చెప్తే నష్టం నా ఒక్కదానికే కాదు, ఒక వాదనకి నష్టం అనుకున్నాను. వాదనని కాపాడుతున్నాననుకున్నాను.

మూడు వారాల తర్వాత ఆ అమ్మాయి గదికి వెళ్ళి చెప్పేశాను. పాత పిన్నే మళ్ళీ పెట్టానని, మార్చాలని తెలిసీ మార్చలేదని, బండి ఇచ్చేటప్పుడు చెప్పలేదని. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. కోప్పడుతుందని ఎదురుచూశాను.

"పడినందుకు కాదక్కా," అంది చివరికి. "ఇన్ని రోజులూ నేనే ఏదో తప్పు గేరు వేశాననుకున్నాను. నాకు చేతకాదనుకున్నాను. సైకిలు ఇంక వద్దనుకున్నాను."

ఈ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. ఆడవాళ్ళకి చేతనవును అన్న వాదనని కాపాడటానికి నేను దాచిన నిజం, ఎదురుగా మంచంమీద ఉన్న ఒక ఆడపిల్లకి తనకి చేతకాదని నమ్మకం కలిగించింది. నేను కర్తని తీసేసిన వాక్యంలో ఆ ఖాళీని ఆమె తనతో నింపుకుంది. నింపుకుంటుందని నాకు తెలిసుండాలి. ఏదైనా పాడైతే ముందు మన చేతుల్నే అనుమానించుకోవడం మనకి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు కదా.

ఆ తర్వాత నా సమర్థనలన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకున్నాను. ఉచితంగా ఇచ్చాను కదా అన్నది మొదటిది, అది ఎక్కువసేపు నిలవలేదు. ఉచితంగా ఇచ్చిన అన్నంలో రాయి ఉంటే పన్ను విరగదా? షాపులో చేయించినా తెగొచ్చన్నది రెండోది. తెగొచ్చు, నిజమే. అక్కడైతే ఎవర్ని అడగాలో ఆమెకి తెలిసుండేది. మూడోది కొంచెం గట్టిది. అదే బండి మూడు నెలలు నేనూ తొక్కాను కదా, నాకు లేని జాగ్రత్త ఇంకొకరి పట్ల చూపలేదని ఎలా అంటారు? దీనిమీద చాలా రోజులు నిలబడ్డాను. ఒకరోజు అదే ఎగువ దారిలో నడుస్తుంటే గుర్తొచ్చింది. వేసవిలో ఆ పిన్ను పెట్టిన తర్వాత నేను ఒక్కసారి కూడా పెడళ్ళ మీద లేచి నిలబడలేదు. ఎత్తు వస్తే చిన్న గేరు వేసుకుని, కూర్చునే, మెల్లగా తొక్కాను. మరీ నిటారుగా ఉంటే దిగి నడిపించాను. ఎండ వల్ల, వయసు వల్ల అనుకున్నాను. నా కాళ్ళకి తెలుసు. తెలిసిన కాళ్ళతో మూడు నెలలు తొక్కి, తెలియని కాళ్ళకి బండి ఇచ్చాను. కాబట్టి మర్చిపోయానన్న మాట కూడా నిలవదు.

మన పని మనం చేసుకోవడంలో ఉన్న స్వేచ్ఛ నాకు అబద్ధమనిపించడం లేదు, ఇప్పటికీ. వస్తువుని విప్పే హక్కు పెద్ద హక్కే. ఈ మధ్య ఖరీదైన బండ్లకి గేర్లు బ్యాటరీతో, ఫోనుతో మారుతున్నాయి. వాటిని విప్పడానికి పానా చాలదు, కంపెనీ అనుమతి లాంటిది కావాలి. అలాంటి రోజుల్లో డబ్బా రేకుతో పని నడిపించుకునే మనిషి నాకు ఆత్మీయురాలే. కానీ 'సొంతంగా' అన్న మాటలోనే ఒక మోసం ఉంది. ఆ మాట వింటే అక్కడ ఒక్క మనిషే ఉన్నట్టుంటుంది. నా బండి, నా పానా, నా మోకాలు. వస్తువులు అలా ఉండవు. చేతులు మారతాయి. చెల్లెలు అడుగుతుంది, స్నేహితురాలు అడుగుతుంది, అమ్మేస్తాం. నేను నా కోసం ఒప్పుకున్న ప్రమాదం ఆ వస్తువులోనే ఉండిపోయి, ఒప్పుకోని మనిషి చేతికి వెళ్తుంది. పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథంలో అరువు తెచ్చుకున్న ప్రతి వాక్యానికీ కింద అధోజ్ఞాపిక ఇచ్చాను. పిన్నుకి ఇవ్వలేదు.

పోనీ అన్నీ కొత్తవే వేసుకోవాలా? అది కొనగలవాళ్ళ నీతి. నా ఫెలోషిప్ రోజుల్లో ఆ నీతి పాటిస్తే నేను నడిచే తిరగాలి. ఇక్కడ మళ్ళీ అమ్మ దగ్గరికే వెళ్ళాల్సొచ్చింది. జరిగింది ఫోనులో చెప్తే, సైకిలు సంగతి తనకి తెలియదంటూనే కుక్కరు సంగతి ఎత్తింది. గాస్కెట్టు ఫ్రిజ్‌లో పెట్టింది, విజిలు చిల్లుని సూదితో పొడిచి శుభ్రం చేసింది, పిడికి తీగె చుట్టింది. మూత మీద సేఫ్టీ వాల్వు మాత్రం పోతే ఎప్పుడూ కొత్తదే కొన్నదట, ఆ కంపెనీదే. నెలాఖరైతే జీతం వచ్చేదాకా గిన్నెలో అన్నం వండింది తప్ప దానికి ప్రత్యామ్నాయం వెతకలేదు. "అది పోతే అన్నం ఉడక్కపోవడం కాదే, ఎవరి మొహం మీదో పడుతుంది," అంది. ఎవరు చెప్పారని అడిగితే, ఎవరు చెప్పాలి అంది.

నా పట్టీ, నా టూత్‌పేస్టు ట్యూబు, నా గోళ్ళ రంగు ఇవన్నీ గాస్కెట్టు వైపు. సీటు జారితే విసుగొస్తుంది, టైరు అతుకు పోతే నడుస్తాం. గొలుసు, బ్రేకు, హ్యాండిలు బిగించే మరలు వాల్వు వైపు. బ్రేకుల్లో నూనె వాడే బండ్లున్నాయి. కొన్నిటికి మినరల్ ఆయిలు, కొన్నిటికి డాట్ అనే రకం. చేతికందింది పోస్తే లోపలి రబ్బరు సీళ్ళు పాడై బ్రేకు నమ్మకం పోతుంది. మూత మీద రాసి ఉన్నది చదవకుండా సిరంజి ఎత్తడం ధైర్యం కిందికి రాదు. ఈ రెండు వైపుల మధ్య గీత ప్రతిచోటా ఇంత స్పష్టంగా ఉంటుందని నేననను. హ్యాంగర్ ఏ వైపు? వంచి సరిచేసిన హ్యాంగర్ విరిగితే ఒక్కోసారి బండి ఆగిపోయి ఊరుకుంటుంది, ఒక్కోసారి ఆ యంత్రమంతా పుల్లల్లోకి వెళ్ళి చక్రం బిగిసిపోతుంది. ఎవరు తొక్కుతున్నారు, ఎక్కడ తొక్కుతున్నారు అన్నదాన్ని బట్టి గీత జరుగుతుంది. ఆ సంగతి తొక్కేవాళ్ళకి చెప్తే తప్ప వాళ్ళ గీత వాళ్ళు గీసుకోలేరు.

కారిడార్లో అన్నవాళ్ళకి కూడా తర్వాత చెప్పాను, పిన్ను నాదే తప్పని. ఊహించిన నవ్వే వచ్చింది. ఊహించినంత నొప్పి కలగలేదు. వాళ్ళలో ఒకతను తర్వాత విడిగా వచ్చి, తన మోటారుసైకిలు బ్రేకు తీగెని తనే ముడివేసి నాలుగు నెలలుగా నడుపుతున్నానని, వెనక పాపని ఎక్కించుకుని బడికి దింపుతున్నానని చెప్పాడు. మార్పించానని మాత్రం ఇంకా చెప్పలేదు.

ఇప్పుడు నా బండికి ఒక అట్టముక్క వేలాడుతూ ఉంటుంది, పుస్తకాల్లో పెట్టుకునే గుర్తులాంటిది. ఏ భాగానికి ఏం చేశాను, ఏ తేదీన, ఎప్పటిదాకా నమ్మొచ్చు. చూసినవాళ్ళు నవ్వుతారు. గొలుసు పూర్తిగా కొత్తది వేశాను, క్విక్ లింకుతో. ఆ అమ్మాయి కట్టు విప్పాక రెండు నెలలు సైకిలు ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

పోయిన ఆదివారం వచ్చింది. తాళం చెవి అడగలేదు, పానాల సంచీ ఎక్కడుందని అడిగింది. బండిని తలకిందులుగా నిలబెట్టి, అట్టముక్క చదివి, దాన్ని పక్కన పెట్టి, పెడలు మెల్లగా వెనక్కి తిప్పుతూ గొలుసుని ఒక్కో లింకే వేలు పెట్టి చూడటం మొదలుపెట్టింది. నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను. రెండు గ్లాసులతో బయటికొచ్చేసరికి ఇంకా చూస్తూనే ఉంది.